తెలుగులో శాస్త్రం రాసేటప్పుడు క్రియ ఏ కాలంలో ఉండాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగులో సైన్సు వ్యాసాలు రాసేవాళ్లు, ఇంగ్లిష్ నుంచి అనువదించేవాళ్లు, యంత్రాల మాన్యువల్స్, వ్యవసాయ కరపత్రాలు తయారుచేసేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే సందేహాలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. పారిభాషిక పదాల గురించి మనం చాలానే వాదించుకున్నాం. ఆమ్లజని అనాలా, ఆక్సిజన్ అనాలా అన్నదాని మీద ఏళ్ల తరబడి చర్చలు జరిగాయి. వాక్యం చివర కూర్చునే క్రియ మీద మాత్రం అంత చర్చ జరగలేదు. పాఠకుడు ఎక్కువగా పొరపాటు పడేది మాత్రం అక్కడే.

అర్థమైతే చాలదా? క్రియ కాలం అంత ముఖ్యమా?

ఈ రెండు వాక్యాలు చూడండి.

"ఈ కషాయం తాగించిన ఎలుకల రక్తంలో చక్కెర తగ్గింది."

"ఈ కషాయం తాగితే రక్తంలో చక్కెర తగ్గుతుంది."

మొదటిది ఒక ప్రయోగశాలలో, కొన్ని ఎలుకల్లో, ఒకసారి జరిగిన సంగతి. రెండోది ఎవరు తాగినా, ఎప్పుడు తాగినా పనిచేస్తుందన్న హామీ. పరిశోధకుడు మొదటిదే రాసి ఉంటాడు. అనువాదంలోనో, శీర్షిక పెట్టే తొందరలోనో ఎలుకలు మాయమై, 'తగ్గింది' కాస్తా 'తగ్గుతుంది' అవుతుంది. షుగర్ ఉన్న పెద్దాయన ఎవరో అది చదివి మాత్రలు మానేస్తారు. క్రియల గురించి నేను ఇంత పట్టుబట్టేది ఇందుకే.

అయితే మూల సూత్రం ఏమిటి?

మీరు చూసింది '-ఇంది'తో చెప్పండి. ఎప్పుడు చూసినా అలాగే ఉంటుందని మీరు పూచీపడేది '-తుంది'తో చెప్పండి. ఇప్పుడు, ఈ క్షణాన నడుస్తున్నది '-తోంది'తో చెప్పండి. మిగతా జవాబులన్నీ ఈ మూడు ముక్కల్లోంచి వచ్చేవే. కానీ వాడుకలో చిక్కులు చాలా ఉన్నాయి, అందుకే ఈ పేజీ ఇంత పొడుగైంది.

'మరుగుతుంది', 'మరుగుతోంది' ఒకటే కదా?

మాటల్లో వేగంగా అన్నప్పుడు ఒకేలా వినిపిస్తాయి కాబట్టి రాతలోనూ కలిపేస్తుంటారు. పొయ్యి మీద గిన్నె చూపించి "నీళ్లు మరుగుతున్నాయి, పొడి వెయ్యి" అంటాం. "నీళ్లు మరుగుతాయి, పొడి వెయ్యి" అనం. ఇంట్లో ఎవరూ తప్పని తేడా ఇది. కాగితం మీదికి వచ్చేసరికే తడబడతాం.

"నీరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది" అన్నది నీటి స్వభావం. "బీకరులో నీరు మరుగుతోంది" అన్నది ఎదురుగా కనిపిస్తున్న దృశ్యం. పాఠ్యపుస్తకంలో "నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతోంది" అని రాస్తే, ఇంతకుముందు అలా మరిగేది కాదేమో, ఇప్పుడే మొదలైందేమో అనిపిస్తుంది.

ఇంకో మాట. '-తుంది' వాడారంటే షరతు కూడా చెప్పాల్సిన బాధ్యత మీద పడుతుంది. నీరు 100 డిగ్రీల దగ్గర మరిగేది సముద్రమట్టం దగ్గర, మామూలు వాతావరణ పీడనంలో. విశాఖ బీచ్ రోడ్డులో అది నిజం. సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న అరకులో దాదాపు 97 డిగ్రీలకే మరుగుతుంది. 'మరిగింది' అని రాసినప్పుడు మీరు చూసిన చోటు, చూసిన రోజు చెబితే చాలు. 'మరుగుతుంది' అన్నారంటే ఏ పరిస్థితిలోనో చెప్పక తప్పదు.

'-తుంది' భవిష్యత్తుకు కూడా వాడతాం కదా. గందరగోళం రాదా?

వస్తుంది. "రేపు వర్షం పడుతుంది", "జూన్‌లో వర్షం పడుతుంది": రెండింట్లో క్రియ ఒకటే. మొదటిది జోస్యం, రెండోది ఏటా జరిగేది. తెలుగులో ఈ రెంటికీ విడివిడి రూపాలు లేవు కాబట్టి ఆ పని పక్కనున్న మాటలు చేయాలి. 'రేపు', 'వచ్చే నెల', '2030 నాటికి' అంటే భవిష్యత్తు. 'ఏటా', 'సాధారణంగా', 'వేడి చేస్తే', 'చలికాలంలో' అంటే స్వభావం. ఆ మాట లేకుండా "ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు పెరుగుతుంది" అని వదిలేస్తే, అది రాబోయే మార్పా, ప్రతి మధ్యాహ్నం జరిగేదా అన్నది పాఠకుడు ఊహించుకోవాల్సి వస్తుంది.

చిన్నప్పుడు 'మరుగును', 'వ్యాకోచించును' అని చదువుకున్నాం. ఆ రూపం మేలు కదా?

ఆ రూపం మీద నాకు గౌరవం ఉంది. చిన్నయసూరి బాలవ్యాకరణం దారిలో చూస్తే 'వండెను' భూతం, 'వండుచున్నాడు' వర్తమానం, 'వండగలడు' భవిష్యత్తు, 'వండును' తద్ధర్మం. తద్ధర్మం అంటే ఆ వస్తువుకు సహజంగా ఉన్న ధర్మం. స్వభావాన్ని చెప్పడానికి వ్యాకరణంలో ప్రత్యేకంగా ఒక గది కట్టిపెట్టిన భాష మనది. "లోహములు వేడిచేసిన వ్యాకోచించును" అన్న వాక్యంలో ఎలాంటి అయోమయమూ లేదు.

అయినా ఇవాళ రాయకండి. ఎవరి నోటా లేని రూపాన్ని పిల్లల చేతికిస్తే, సైన్సు కూడా ఎవరూ మాట్లాడని సంగతే అనుకుంటారు. 'వ్యాకోచిస్తుంది' అనండి. తద్ధర్మం పని ఇప్పుడు '-తుంది' చేస్తోందని గుర్తుంచుకుంటే చాలు.

'ఉంది' అనాలా, 'ఉంటుంది' అనాలా?

నా దగ్గరికి దిద్దడానికి వచ్చే వ్యాసాల్లో అన్నిటికన్నా ఎక్కువ తప్పులు ఇక్కడే. తేడా మాత్రం చాలా అందమైనది.

"ఈ బావి నీటిలో ఫ్లోరైడ్ ఉంది." పరీక్షించాం, కనిపించింది.

"ఈ ప్రాంతపు బావుల్లో ఫ్లోరైడ్ ఉంటుంది." ఏ బావి చూసినా దాదాపు అంతే.

మొదటి వాక్యం రాయడానికి ఒక సీసా నీళ్లు చాలు. రెండోది రాయాలంటే ఎన్నో బావులు, ఎన్నో రుతువులు చూసి ఉండాలి. నల్గొండ జిల్లా భూగర్భ జలాల గురించి రెండో వాక్యం ధైర్యంగా రాయొచ్చు, దాని వెనక దశాబ్దాల పరీక్షలున్నాయి. ఎవరో ఒక్క నమూనా తెచ్చిస్తే మాత్రం 'ఉంది' దగ్గరే ఆగాలి.

నీటి అణువులో రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు 'ఉంటాయి', ఎందుకంటే ప్రతి నీటి అణువూ అంతే. శ్రీహరికోటలో ప్రయోగ కేంద్రం 'ఉంది', ఎందుకంటే అది ఒక చోట ఉన్న ఒక కట్టడం. "శ్రీహరికోటలో ప్రయోగ కేంద్రం ఉంటుంది" అన్నది దారి చెప్పేటప్పుడు మాటల్లో వస్తుంది, రాతలో వద్దు.

మూడో దారి కూడా ఉంది: క్రియ అసలే లేకపోవడం. "ఇనుము లోహం." "నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు." ఇలాంటి వాక్యం తెలుగుకు సహజం, కాలం ఏదన్న ప్రశ్నే రాదు. "ఇనుము ఒక లోహమై ఉన్నది" అని రాయాల్సిన పని లేదు. కానీ మట్టం రోజూ మారేదైతే క్రియ కావాలి: "ఇవాళ మట్టం 560 అడుగులు ఉంది", "వేసవి చివర్లో మట్టం బాగా తక్కువగా ఉంటుంది". ఒకే జలాశయం, మూడు వాక్యాలు, మూడు రకాల నిజాలు.

ఇదే సందర్భంలో 'కలిగి ఉంది' గురించి కూడా చెప్పాలి. "నీరు రెండు హైడ్రోజన్ పరమాణువులను కలిగి ఉంటుంది" అన్నది ఇంగ్లిష్ వాక్యానికి తొడిగిన తెలుగు చొక్కా. "నీటి అణువులో రెండు హైడ్రోజన్ పరమాణువులుంటాయి" అనండి.

ప్రయోగ పద్ధతి రాసేటప్పుడు 'కలిపాం', 'కలుపుతారు', 'కలపాలి', 'కలపండి': ఏది వాడాలి?

నాలుగూ సరైనవే. నాలుగు వేరువేరు పనులకు. నల్గొండ పద్ధతినే తీసుకుందాం. తాగునీటి నుంచి ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన పద్ధతి అది, మన జిల్లా పేరే దానికి నిలిచింది. అందులో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వాడతారు.

పద్ధతిని పరిచయం చేస్తున్నప్పుడు: "నీటిలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక కలుపుతారు. ముద్దలు అడుక్కి చేరతాయి. పైన తేరిన నీటిని వడకడతారు." ఎవరు చేసినా ఇంతే కాబట్టి '-తారు'.

మీరు చేసిన ప్రయోగం నివేదిస్తున్నప్పుడు: "20 లీటర్ల నీటిలో పటిక కలిపాం. గంటసేపు కదపకుండా ఉంచాం." ఇక్కడ 'కలుపుతాం' అని రాస్తే, మీరు నిజంగా చేశారా, చేద్దామనుకుంటున్నారా అన్న అనుమానం వస్తుంది. చేసిన పని చేసినట్టు భూతకాలంలోనే ఉండాలి.

ఇంట్లో వాడుకునేవాళ్లకు కరపత్రం రాస్తున్నప్పుడు: "పటిక కలపండి. నీళ్లు తేరేదాకా ఆగండి." ప్రయోగశాల సిబ్బందికి నియమావళి రాస్తున్నప్పుడు: "ప్రతి నమూనాను రెండుసార్లు పరీక్షించాలి." 'ఆలి' అన్నది విధి, 'అండి' అన్నది పక్కన కూర్చుని చెప్పడం. పొలానికి వెళ్లే కరపత్రంలో 'వలెను' అనే మాట కనిపిస్తే నాకు బాధగా ఉంటుంది. ఎండలో నిలబడి పురుగుమందు డబ్బా చూస్తున్న రైతుకు "పిచికారీ చేయవలెను" కన్నా "ఉదయం గాలి లేనప్పుడు పిచికారీ చేయండి" మేలు.

'చేయబడింది', 'పరిశీలించబడినది' అని రాస్తే శాస్త్రీయంగా ఉండదా?

గంభీరంగా ఉంటుంది, అంతకుమించి లాభం లేదు. కర్త పేరు చెప్పకుండా పని చెప్పడానికి తెలుగులో 'పరిశీలించారు' ఎప్పటి నుంచో ఉంది. ఎవరన్నది ముఖ్యం కానప్పుడు అదే చాలు. మీరే చేసుంటే 'పరిశీలించాం' అనండి.

ఫలితాలు భూతకాలంలో రాశాను. ముగింపులో '-తుంది'కి ఎప్పుడు మారొచ్చు?

ఈ పేజీ మొత్తంలో కష్టమైన ప్రశ్న ఇదే, ఎందుకంటే దీని జవాబు వ్యాకరణంలో దొరకదు. మీ దగ్గరున్న సాక్ష్యం ఎంత బలమైనదో దాన్ని బట్టి మారాలి.

ఒక వరి వంగడాన్ని ఒక సీజన్‌లో, ఒక పొలంలో పరీక్షించారనుకోండి. "ఈ వంగడం ఎండాకు తెగులును తట్టుకుంది." అంతవరకే. రెండు మూడేళ్లు, వేర్వేరు నేలల్లో, తెగులు ఉధృతంగా ఉన్న ఏడు కూడా చూశారనుకోండి. అప్పుడు "తట్టుకుంటుంది". ఈ రెండు రూపాల మధ్య దూరం ఒక్క అక్షరమే. ఆ అక్షరం సంపాదించడానికి శాస్త్రవేత్తలకు ఏళ్లు పడుతుంది. బాపట్ల నుంచి 1986లో విడుదలైన సాంబ మసూరి అన్నం ఎంత ఇష్టంగా తింటామో మనందరికీ తెలుసు, కానీ బాక్టీరియా ఎండాకు తెగులు దగ్గర అది ఓడిపోయేది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), వరి పరిశోధన సంస్థ కలిసి తెగులును ఎదిరించే మూడు జన్యువులను అందులోకి చేర్చి, మెరుగుపరచిన సాంబ మసూరిని తయారుచేశాయి. 2008లో అది విడుదలైంది. దాని గురించి ఇవాళ "తట్టుకుంటుంది" అని రాయగలుగుతున్నాం అంటే, అంతకుముందు ఎన్నో పొలాల్లో ఎన్నోసార్లు "తట్టుకుంది" అని రాసుకున్నవాళ్లు ఉన్నారు.

సాక్ష్యం మధ్యస్థంగా ఉంటే మధ్య రూపాలున్నాయి: "తట్టుకుంటుందని ఈ ఫలితాలు సూచిస్తున్నాయి", "తట్టుకోగలదనిపిస్తోంది", "మా పరీక్షల్లో తట్టుకుంది, ఇతర నేలల్లో చూడాల్సి ఉంది". ఇవి పిరికి మాటలని కొందరు ఎడిటర్లు కొట్టేస్తుంటారు. దయచేసి కొట్టేయకండి. వాక్యం కొంచెం పొడవైనా అందులో నిజం ఉంది.

వ్యతిరేక వాక్యాల్లో ఏం జాగ్రత్త పడాలి?

చాలా పడాలి. "నూనె నీటిలో కరగదు" స్వభావం. "మేం వేసిన పొడి నీటిలో కరగలేదు" పరిశీలన. "పొడి కరగడం లేదు" ఇప్పుడు కళ్ల ముందు జరుగుతున్నది, ఇంకాసేపు కలిపితే కరుగుతుందేమో కూడా. మూడింటిలో మొదటిదే పెద్ద మాట. ఒకసారి కరగకపోతే 'కరగదు' అని రాసేస్తాం, మరింత వేడి చేస్తే కరిగేదేమో చూడకుండానే.

ఇంకో గుంట ఉంది, అందులో నేనూ పడ్డాను. "ఈ వంగడం తెగులును తట్టుకోలేదు." అంటే తట్టుకునే శక్తి దానికి లేదనా, ఆ ఏడు తట్టుకోలేదనా? తెలుగులో రెండింటికీ ఒకే రూపం. మగవాడి విషయంలో అయితే "అతను నడవలేడు", "అతను నడవలేదు" అని విడిపోతాయి. వస్తువులకు, మొక్కలకు, యంత్రాలకు వచ్చేసరికి రెండూ 'లేదు'లో కలిసిపోతాయి. సైన్సులో మనం రాసేది ఎక్కువగా వాటి గురించే. కాబట్టి విడదీసి రాయండి: ఎప్పటికీ అంతేనంటే "తట్టుకోదు", లేదా "తట్టుకునే శక్తి దీనికి లేదు". ఆ ఒక్కసారి సంగతైతే "ఆ ఏడాది తట్టుకోలేకపోయింది".

పాత ఆవిష్కరణ గురించి రాస్తున్నాను. కనుగొన్నది గతం, నిజం మాత్రం ఇప్పటికీ నిజమే. ఏ కాలం?

కనుగొన్న పనికి భూతకాలం, కనుగొన్న నిజానికి తద్ధర్మం. "1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. మలేరియాను అనాఫిలిస్ ఆడదోమలు వ్యాపింపజేస్తాయి." మొదటి వాక్యానికి తేదీ ఉంది, రెండోదానికి లేదు. ఒకే పేరాలో రెండూ పక్కపక్కనే కూర్చోవచ్చు.

అనువాదకులు తడబడే చోటు 'అని' దగ్గర. ఇంగ్లిష్‌లో ప్రధాన క్రియ గతంలో ఉంటే లోపలి క్రియ కూడా తరచుగా గతంలోకి జారుతుంది. తెలుగులో జారదు. ఆ మనిషి ఆ రోజు ఎలా అనుకున్నాడో అలాగే ఉంచుతాం. 1868 ఆగస్టు 18న వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరు నుంచి పరిశీలించాడు. అదే ఏడు ఇంగ్లండులో లాకియర్ సూర్యకాంతిలో ఒక పసుపు గీత చూసి, భూమ్మీద తెలియని మూలకమేదో అక్కడ 'ఉందని' ప్రతిపాదించాడు. 'ఉండేదని' రాశామంటే ఆ మూలకం ఒకప్పుడు ఉండి తర్వాత పోయిందనే అర్థం వస్తుంది. ఆ మూలకమే హీలియం, అది ఎక్కడికీ పోలేదు. 1895లో రాంసే దాన్ని భూమ్మీద కూడా పట్టుకున్నాడు.

తప్పని తేలిపోయిన నమ్మకాలకు '-ఏవారు' రూపం చక్కగా పనికొస్తుంది. "చెడుగాలి వల్ల మలేరియా వస్తుందని నమ్మేవారు." లోపల 'వస్తుంది' అలాగే ఉంది, బయటి 'నమ్మేవారు' ఆ నమ్మకం గడిచిపోయిందని చెబుతోంది. "2006 దాకా ప్లూటోను తొమ్మిదో గ్రహంగా లెక్కపెట్టేవారు." ఆ ఏడు అంతర్జాతీయ ఖగోళ సంఘం దాన్ని మరుగుజ్జు గ్రహాల్లో చేర్చింది. ప్లూటో మారలేదు, మన లెక్క మారింది. 'ప్లూటో గ్రహంగా ఉండేది' అంటే ఆ సంగతి తారుమారవుతుంది.

ఇంగ్లిష్‌లో 'హాజ్ షోన్', 'హావ్ బీన్ యూజ్డ్' లాంటివి వస్తే తెలుగులో ఎలా?

ఎక్కువసార్లు మామూలు భూతకాలమే చాలు, 'ఇప్పటికే', 'ఇంతవరకు' లాంటి మాట జోడిస్తే సరిపోతుంది. "పలు అధ్యయనాలు ఇప్పటికే నిరూపించాయి." 'నిరూపించి ఉన్నాయి' అవసరం లేదు. పని అప్పుడు మొదలై ఇంకా సాగుతుంటే మనకు వర్తమానమే సహజం. ఫిస్క్, మన యల్లాప్రగడ సుబ్బారావు కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రచురించారు. "అప్పటి నుంచి ప్రయోగశాలల్లో దాన్ని వాడుతున్నారు" అంటే చాలు. "వాడబడుతూ వచ్చియున్నది" అన్నంత బరువు దానికి అక్కర్లేదు.

'మరిగే నీరు', 'మరిగిన నీరు', 'మరుగుతున్న నీరు': తేడా పట్టించుకోవాలా?

మందుల కాగితం మీద, పాలపొడి డబ్బా మీద తప్పకుండా. 'మరిగిన నీటిలో కలపండి' అంటే కాచి చల్లార్చినవైనా కావచ్చు. 'మరుగుతున్న నీటిలో' అంటే చెయ్యి కాలుతుంది. 'మరిగే నీటిలో' అన్నది రెండు అర్థాలకూ దగ్గరగా పోతుంది. పసిపిల్లలకు పాలు కలిపే తల్లికి అనుమానం మిగల్చకండి. "కాచి, గోరువెచ్చగా చల్లార్చిన నీటిలో" అని విడమరచండి.

ఇదే దారిలో ఒక చిన్న సంగతి: "వేడి చేసినప్పుడు ఇనుము వ్యాకోచిస్తుంది" అన్న వాక్యంలో 'చేసిన' అని ఉంది కాబట్టి తప్పేమోనని కొందరు అడుగుతారు. తప్పు కాదు. వాక్యం కాలాన్ని నిర్ణయించేది చివరి క్రియ. లోపలిది ఏ పని ముందు, ఏది తర్వాత అన్నదే చెబుతుంది.

గణితంలో, పటాల వర్ణనలో?

గణితంలో '-తుంది', లేదా క్రియ లేని వాక్యం. నిరూపించిన మనిషికి మాత్రం భూతకాలం: "1945లో గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు ఈ హద్దును ప్రచురించారు. పక్షపాతం లేని అంచనా విలువల విచలనం ఇంతకన్నా తగ్గదని అది చెబుతుంది." పటం పాఠకుడి ముందే ఉంటుంది కాబట్టి అక్కడ వర్తమానం సహజం: "రెండో పటంలో గీత పైకి వెళ్తోంది." ఆ గీత వెనకున్న కొలతలకు మళ్లీ భూతకాలమే: "మే నెలలో మట్టం పడిపోయింది."

సాఫ్ట్‌వేర్ సందేశాలకు ఏ కాలం?

ఇక్కడ మూడు రూపాలూ మూడు వేరు క్షణాలు. "సేవ్ అవుతోంది" అంటే ఆగండి. "సేవ్ అయింది" అంటే ఇక మూసేయొచ్చు. "సేవ్ అవుతుంది" అంటే ఇంకా మొదలుకాలేదు, మీరు బటన్ నొక్కితే జరుగుతుంది. ఒక యాప్‌లో మొదటిదాని బదులు మూడోది పెట్టారు. డబ్బు పంపిన మనిషి "చెల్లింపు అవుతుంది" అన్నది చూసి, ఇంకా వెళ్లలేదేమోనని మళ్లీ నొక్కారు. రెండుసార్లు పోయింది. ఆ డబ్బు వెనక్కి రాబట్టుకోవడానికి ఆయన ఎంత తిరిగారో దగ్గరుండి చూశాను. 'చెల్లింపు జరుగుతోంది, ఆగండి' అని ఉంటే ఆ తిప్పలు ఉండేవి కావు.

వాతావరణ సూచనల్లో, అంచనాల్లో?

'దాటుతుంది' కన్నా 'దాటే అవకాశం ఉంది' నిజాయితీ. తుఫాను దారి మార్చుకోవచ్చు. దాటాక మాత్రం ఖచ్చితంగా: "2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటింది." అయితే ప్రాణాలు కాపాడే హెచ్చరికలో సంశయం వద్దు. 'ఖాళీ చేయాల్సి రావచ్చు' అనొద్దు, 'ఖాళీ చేయండి' అనండి. అంచనాలో అనుమానం ఉండొచ్చు, ఆదేశంలో ఉండకూడదు.

వెబ్‌లో వ్యాసం ఏళ్లపాటు ఉంటుంది. '-తోంది' వాడొచ్చా?

తేదీ లేకుండా వద్దు. చంద్రయాన్-3 2023 జులై 14న శ్రీహరికోట నుంచి బయల్దేరింది, ఆగస్టు 23న దిగింది. ఆ రోజుల్లో దాని రోవర్ గురించి రాసిన వ్యాసాల్లో "ప్రజ్ఞాన్ ప్రస్తుతం చంద్రుడి మీద తిరుగుతోంది" అని ఉంటుంది. సెప్టెంబరు మొదటి వారానికే దాన్ని నిద్రావస్థలోకి పంపారు. ఇవాళ ఆ వాక్యం చదివే పిల్లవాడికి అది ఇంకా తిరుగుతూనే ఉంది. 'ప్రస్తుతం', 'ఇటీవల' తీసేసి తేదీ వేయండి, క్రియను భూతకాలానికి మార్చండి.

మాది తెలంగాణ. 'మరుగుతున్నది', 'ఉన్నది' అని రాస్తే తప్పా?

ఎంతమాత్రం కాదు. 'మరుగుతోంది', 'మరుగుతున్నది' ఒకే అర్థం, 'ఉంది', 'ఉన్నది' కూడా అంతే. మాటలో 'మరుగుతది' అన్నది కూడా స్వభావాన్ని చెప్పే రూపమే. వ్యాసం మొత్తం ఒకే తీరులో ఉంచండి. 'మరుగుతున్నది' బదులు 'మరుగుతుంది' పడకుండా చూసుకుంటే చాలు.

మేం పేపర్లు ఇంగ్లిష్‌లోనే రాస్తాం. ఇదంతా మాకెందుకు?

మన '-తుంది'ని ఇంగ్లిష్‌లోకి మోసుకెళ్తున్నాం కాబట్టి. స్వభావం చెప్పాల్సిన చోట 'వాటర్ బాయిల్స్' బదులు 'వాటర్ విల్ బాయిల్' అంటాం, ఎందుకంటే మనకు రెండూ ఒకటే రూపం. 'కలిగి ఉంది'ని 'ఈజ్ హావింగ్' చేస్తాం. '2019లో సేకరించాం' అన్నదాన్ని 'హావ్ కలెక్టెడ్ ఇన్ 2019' చేస్తాం. ఏడాది చెప్పాక అక్కడ 'కలెక్టెడ్' ఒక్కటే ఉండాలి. చేసిన పని, వచ్చిన ఫలితం గతంలో, తెలిసిన నిజం వర్తమానంలో అన్న పద్ధతి వాళ్లదీ ఇంచుమించు మనలాంటిదే.

ఒకే పేరాలో కాలాలు మారితే పాఠకుడు తికమకపడడా?

కారణం ఉండి మారితే పడడు. ఇది చూడండి, ఇందులో కొలతలు నమూనా కోసం వేసినవి.

"తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే నీరు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. అంతకన్నా ఎక్కువున్న నీటిని ఏళ్ల తరబడి తాగితే ఎముకలు దెబ్బతింటాయి. మా ఊరి బోరు నీటిని మార్చిలో పరీక్షించాం. లీటరుకు 3.2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంది. పటిక, సున్నం కలిపి, తేరిన నీటిని మళ్లీ పరీక్షిస్తే 1.1కి తగ్గింది. వానాకాలంలో మళ్లీ పరీక్షిస్తాం. ప్రస్తుతానికి, అంటే ఈ ఏప్రిల్‌లో, బడి పిల్లలు ఈ నీటినే తాగుతున్నారు."

నియమం, స్వభావం, చేసిన పని, కనిపించింది, చేయబోయేది, ఇప్పుడు జరుగుతున్నది: ఏడు వాక్యాల్లో అన్నీ వచ్చాయి. ఎక్కడా తడబాటు లేదు, ఎందుకంటే ఏ క్రియా తనకు తెలిసిన దానికన్నా ఎక్కువ చెప్పలేదు. 'తగ్గింది' ఉన్న చోట 'తగ్గుతుంది' పెట్టి చదవండి. వానాకాలం పరీక్ష ఇక అక్కర్లేదనిపిస్తుంది.